శకుంతలాదేవి చెప్పిన 26 అంకెలు

ఇన్ఫోసిస్ బెంగళూరుకు మకాం మార్చింది 1983లో. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చింది 1985లో. వాటికి ఎంతో ముందే, 1929 నవంబరు 4న, ‘హ్యూమన్ కంప్యూటర్’గా లోకం పిలుచుకున్న శకుంతలాదేవి ఈ ఊళ్లో పుట్టారు. తండ్రి సర్కస్ కళాకారుడు. మూడేళ్ల కూతురితో పేకాట ఆడుతూ ఆమె జ్ఞాపకశక్తిని కనిపెట్టింది ఆయనే. ఆరేళ్లకే మైసూరు విశ్వవిద్యాలయంలో ప్రదర్శన ఇచ్చారు.

మన వాళ్లకు ఆమె మరో రకంగానూ తెలుసు. 1980 లోక్‌సభ ఎన్నికల్లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి ఓడిపోయారు. అదే ఏడాది జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో అసలు ఘనత సాధించారు. అక్కడి కంప్యూటర్ విభాగం 76,86,36,97,74,870ని 24,65,09,97,45,779తో గుణించమంది. 28 సెకన్లలో జవాబు చెప్పారు: 1,89,47,66,81,77,99,54,26,46,27,73,730.

ఎక్కడ విన్నా ఆ 28 సెకన్ల ముచ్చటే. నాకు మాత్రం ఆ సంఖ్య మీదే మమకారం. ఆమె వేగం మనకు అందదు గానీ, ఆమె జవాబును బడిలో నేర్చిన భాజనీయతా సూత్రాలతోనే పరీక్షించవచ్చు. మొదటి సంఖ్యలో అంకెల మొత్తం 78. తొమ్మిదితో భాగిస్తే శేషం 6. రెండోదాని మొత్తం 74, శేషం 2. ఆరు రెళ్లు పన్నెండు, అంటే జవాబుకు శేషం 3 రావాలి. దాని అంకెల మొత్తం 138. శేషం సరిగ్గా మూడే.

పదకొండు పరీక్ష ఇంకా గట్టిది. 2.46 లక్షల కోట్లు దాటిన ఆ రెండో సంఖ్య పదకొండుతో నిశ్శేషంగా పోతుంది. కనుక జవాబూ పోవాలి. జవాబులో కుడి నుంచి బేసి స్థానాల అంకెలు కూడితే 69, సరి స్థానాలవి కూడినా 69! ఒక్క అంకె తప్పు పడినా, పక్కపక్కన ఉన్న వేర్వేరు అంకెలు రెండు తారుమారైనా ఈ సమానత్వం నిలిచేది కాదు.

చివర 30 ఉంది కాబట్టి ఆ సంఖ్య రెండుతో పోతుంది, నాలుగుతో పోదు. అందుకే అది ఏ పూర్ణసంఖ్యకూ వర్గం కాలేదు. 2, 3, 5, 11 దాని కారణాంకాలు. 7, 13 కావు. ఇదంతా తెల్ల కాగితం మీద పావుగంట పని. బెంగళూరు అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల్లో ఆమె ‘పజిల్స్ టు పజిల్ యూ’ దొరికితే పిల్లల చేతికివ్వండి. దాంతోపాటు ఈ సంఖ్యనూ ఇవ్వండి.

లండన్ ప్రదర్శనకు ముందే, 1977లో అమెరికాలోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో 201 అంకెల సంఖ్యకు 23వ మూలాన్ని 50 సెకన్లలో చెప్పారు: 54,63,72,891. ఇక్కడ సంఖ్యే సాయం చేస్తుంది. 201 అంకెలంటేనే మూలం సుమారు 49.6 కోట్లకూ 54.9 కోట్లకూ మధ్య ఉండాలి. ఒకట్ల స్థానంలో 1 ఉంటే మూలంలోనూ 1 ఉండాలి. మధ్య అంకెలను పట్టుకోవడమే ఆమె ప్రతిభ.

శకుంతలాదేవి 2013 ఏప్రిల్ 21న బెంగళూరులోనే కన్నుమూశారు. ఆమె చెప్పిన ఆ 23వ మూలంలో 1 నుంచి 9 వరకు అంకెలన్నీ ఒక్కొక్కసారే ఉన్నాయి. వాటి మొత్తం 45 కాబట్టి అది తొమ్మిదితో పోతుంది. దాని 23వ ఘాతమైన 201 అంకెల సంఖ్యను తొమ్మిదితో కనీసం 23 సార్లు వరసగా, శేషం లేకుండా భాగించవచ్చు.