బెంగను దాచుకోవద్దు: ఇంట్లోనే చేసుకోదగ్గ కొన్ని పనులు

హోసూరులో మా సంఘానికి ప్రతి ఆదివారం వచ్చే పెద్దాయన ఒకరు నిరుడు వానాకాలంలో రావడం మానేశారు. ఇంటికి వెళ్లి అడిగాము. రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తోందట, గుండె దడ, అరచేతుల్లో చెమట. రెండుసార్లు ఆసుపత్రికి పోయారు. ఈసీజీ బాగుంది, రక్తపరీక్ష బాగుంది. డాక్టరు తమిళంలో "పదట్టం ఏమైనా ఉందా?" అని అడిగితే లేదన్నారట. "మరి దేని గురించైనా దిగులా అన్నా?" అన్నాము. కాసేపు పలకలేదు. "బెంగప్పా. పిల్లోడు దుబాయి పోయి ఏడాదాయె" అన్నారు. పుట్టినప్పటి నుంచి తమిళం మాట్లాడుతున్న మనిషే. అయినా లోపలి మాట తెలుగులోనే ఉండిపోయింది.

ఇలాంటి ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. ఒక ఇంట్లో పిల్లల పరీక్షల భయం, ఇంకో ఇంట్లో సిప్కాట్ రాత్రి షిఫ్టు, మరో ఇంట్లో ముసలివాళ్లిద్దరే. మేము డాక్టర్లం కాము, ఆఫీసులో ఫైళ్లు చూసి రిటైరైన వాళ్లం. తెలిసినవాళ్లను అడిగి, మేము చేసి చూసినవి మాత్రమే ఇక్కడ చెబుతున్నాము.

ముందు దడ ఎందుకు వస్తుందో చూద్దాం. భయం వేస్తే శరీరం పరుగెత్తడానికి సిద్ధమవుతుంది. అడ్రినలిన్ అనే రసాయనం రక్తంలోకి వస్తుంది. గుండె, ఊపిరి రెండూ వేగమవుతాయి. పాము ఎదురైనప్పుడు అది మంచిదే. కానీ బ్యాంకు కాగితం చూసినా, కొడుకు ఫోను రాకపోయినా శరీరం అదే పని చేస్తుంది. గుండెను మనం ఆజ్ఞాపించలేము, ఊపిరి మాత్రం మన చేతిలో ఉంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొంచెం నెమ్మదిస్తుంది. అందుకే నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా వదలాలి. ఐదు నిమిషాలు చాలు. బిగపట్టవద్దు. తల తిరిగితే ఆపేయాలి.

లెక్కపెట్టడం విసుగనిపిస్తే పద్యం చదవండి. పాదం చివరిదాకా లాగి చదివితే ఊపిరి దానంతట అదే నిదానంగా బయటికి పోతుంది. చిన్నప్పుడు నేర్చిన వేమన పద్యమైనా, సుమతీ శతకమైనా సరే. భజన పాటైనా ఫలితం అదే. పక్కన మనవడిని కూర్చోబెట్టుకుంటే వాడికి నాలుగు తెలుగు ముక్కలు వస్తాయి, మీకు తోడూ దొరుకుతుంది.

రెండోది కాఫీ. మనకు ఫిల్టరు కాఫీ లేనిదే పొద్దు గడవదు. తాగిన కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగితే రాత్రి పదింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానితే మంచిది. అలవాటు ఎక్కువగా ఉన్నవాళ్లు ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా తగ్గించాలి. నిద్ర కోసం మందు తాగేవాళ్లు కూడా ఉన్నారు. దానితో కునుకు పట్టినా నడిరాత్రి తెగిపోతుంది, తెల్లవారితే కంగారు ఇంకా పెరుగుతుంది.

మూడోది నడక. రోజూ అరగంట చాలు. చంద్రచూడేశ్వరుని కొండ మెట్లు ఎక్కగలిగినవాళ్లు ఎక్కండి, మోకాళ్లు సహకరించనివాళ్లు వీధిలోనే నడవండి. ఒంటరిగా కాకుండా ఇంకొకరిని పిలుచుకుని పొండి.

నాలుగోది మా గుమాస్తా పద్ధతి. రాత్రి భోజనానికి ముందే ఒక నోటుబుక్కులో బెంగలన్నీ రాయండి. ఒక వరుసలో రేపు మనం చేయగలిగినవి, ఇంకో వరుసలో మన చేతిలో లేనివి. నడిరాత్రి కొత్తది గుర్తొస్తే "రేపటి ఫైలు" అనుకుని పక్కన పెట్టండి. ఫోను మాత్రం మంచం దగ్గర వద్దు.

ఇక జాగ్రత్తలు. గుండెలో నొప్పి, ఆయాసం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం వంటివి ఉంటే అది బెంగేనని మీకు మీరే తేల్చుకోవద్దు, వెంటనే 108కి ఫోను చేయండి. థైరాయిడ్ ఎక్కువైనా, చక్కెర పడిపోయినా దడ వస్తుంది, పరీక్ష చేయించాలి. వాడుతున్న మాత్రలు సొంతంగా ఆపవద్దు. అశ్వగంధ లాంటివి కూడా డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు, ముఖ్యంగా థైరాయిడ్, కాలేయం జబ్బులున్నవాళ్లు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పని కుదుటపడకపోతే డాక్టరును కలవాలి. బతకాలని లేదనే మాట ఎవరి నోట వచ్చినా ఒక్క రోజు కూడా ఆగవద్దు.

డాక్టరు దగ్గర భాష అడ్డమైతే ఇంకో దారి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలీ మానస్ మొదలుపెట్టింది. 14416కి ఏ రాష్ట్రం నుంచైనా, రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. భాషల్లో తెలుగు కూడా ఉంది. అడగడానికి మొహమాటపడవద్దు.

మా పెద్దాయన ఇప్పుడు ఆదివారాలు మళ్లీ వస్తున్నారు. కొన్ని రాత్రులు మెలకువ వస్తూనే ఉందట. అయితే డాక్టరు దగ్గరికి ఈసారి మాలో ఒకరు తోడు వెళ్లి, బెంగ అంటే ఏమిటో తమిళంలో చెప్పి వచ్చారు. మీ వీధిలోనూ అలా రావడం మానేసినవాళ్లు ఉంటే, ఈ ఆదివారం ఒకసారి తలుపు తట్టండి.