నాలుకకు తెలియని నీళ్ళు

మా అనంతపురం సీమలో నీటికి పేర్లు చాలా వున్నాయి. మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు, చప్పనీళ్ళు, చౌడునీళ్ళు. పప్పు వుడికితే మంచినీళ్ళు, వుడక్కపోతే కావు. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక యీ మాటలంటే నాకు ముచ్చట. కాని యివన్నీ నాలుక పెట్టిన పేర్లు. నాలుకకు అందని వస్తువు నీళ్ళలో వుంటే? ఫ్లోరైడు అలాంటిది. యురేనియం అనే బరువు లోహమూ అలాంటిదే.

చిత్రమేమిటంటే, ఫ్లోరైడు ఎక్కువగా వున్న నీటిలో చాలాచోట్ల సున్నపు అంశ తక్కువ. అందువల్ల ఆ నీళ్ళలో పప్పు చక్కగా వుడుకుతుంది! అమ్మమ్మల పరీక్షలో నెగ్గిన నీళ్ళే పళ్ళను గారపట్టించి, ఎముకలను బిగదీస్తాయన్నమాట. మన దేశంలో యీ ఎముకల జబ్బును షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1937లో లోకానికి తెలియజేశారు. అదీ నాటి మద్రాసు రాజధానిలో చేరిన నెల్లూరు జిల్లా పల్లెల్లోనే.

యురేనియం అనగానే బాంబు గుర్తుకొస్తుంది గాని, ప్రతి గ్రానైటు రాతిలోనూ అది పిసరంత వుంటుంది. తాగే నీటిలో దానివల్ల ముందు దెబ్బతినేది మూత్రపిండాలు. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఫ్లోరైడుకు హద్దు 1.5 మిల్లీగ్రాములు. పూర్వం ముప్ఫై నలభై అడుగుల బావిలో వాననీరే వూరేది. యిప్పుడు వందల అడుగుల బోర్లలోనుంచి తోడేది రాతి నెర్రెల్లో యేళ్ళ తరబడి నిలిచిన నీరు. నిలిచినకొద్దీ రాయి కరుగుతుంది గదా!

మరి ఏ వూళ్ళో ఎంత వున్నదో తెలిసేదెట్లా? బోరుబోరుకూ తిరిగి సీసాలు నింపాలి. లోహాల సీసాలో కాస్త నత్రికామ్లం వెయ్యాలి. లేకపోతే లోహం సీసా గోడకు అంటుకుని లెక్కలోకి రాదు. ఫ్లోరైడుకు గాజు పనికిరాదు, ప్లాస్టిక్కు కావాలి. వానకు ముందొకసారి, వాన తరువాత మరొకసారి. అంకెలు వచ్చాక పటం మీద చుక్కలు పెట్టి, చుక్కల నడుమ రంగులు పూస్తారు.

నాకు అనుమానమంతా యీ రంగుల మీదనే. ఒండ్రుమట్టి నేలలో రెండు బావుల నడుమ నీరు ఇంచుమించు ఒకటే కావచ్చు. మా రాతినేల అట్లా కాదు. ఒక నెర్రె నుంచి వచ్చే నీటికీ, రెండువందల గజాల అవతలి నెర్రె నీటికీ చుట్టరికమే వుండదు. పటంలో పచ్చరంగు చూసి నిశ్చింతగా తాగేవాడి బోరులోనే విషం వుండవచ్చు.

పటం గీసిన తేదీ కూడా ముఖ్యమే. పెన్న పరీవాహక ప్రాంతంలోనే, కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం కర్మాగారం నడుస్తున్నది. వ్యర్థాల చెరువు వల్ల తమ బోర్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులంటారు. కాదని సంస్థ అంటుంది. రాయి యిచ్చినదెంత, గని యిచ్చినదెంత అని విడదీయాలంటే, గని రాక ముందు అదే బోర్లలో తీసిన లెక్క చేతిలో వుండాలి. అది లేకుంటే రైతు ఏం చూపించి అడుగుతాడు?

1995–96లో సత్యసాయి తాగునీటి పథకం మా జిల్లాలో వందలాది గ్రామాలకు కొళాయిలు తెచ్చింది. ఆ మేలు చిన్నది కాదు. అయినా కొళాయి రాని రోజున బిందె బోరు దగ్గరికే వెళ్తుంది. బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ వున్న గొట్టపుబావులకు ఎర్రరంగు, లేనివాటికి పచ్చరంగు వేశారు. కాగితం మీది పటం కంటే ఆడవాళ్ళకు అది నయం. మా దగ్గరా వెయ్యవచ్చు. కాకపోతే, కరువు వచ్చి బోరు ఎండితే మరో వంద అడుగులు దించుతారు. ఆ రోజున ఆ రంగు చెరిపి, మళ్ళీ సీసా నింపవలసిందే.