తమ్ముడు నిద్రపోతేనే అక్కకు నిద్ర

పొద్దున మొదటి పీరియడ్‌లో ఒకటో తరగతి గదిలో అడుగు పెడితే, రాత్రి ఎవరికి నిద్ర చాలలేదో హాజరు పిలవకముందే తెలిసిపోతుంది. పలక మీద తల వాల్చేవారు కొందరు. ఊరికే పక్కవాళ్లను గిల్లి ఏడిపించేవారు మరికొందరు. నిద్ర చాలని పిల్లలు మగతగా ఉంటారనుకుంటాం గానీ, చిన్నపిల్లల్లో చాలామంది అల్లరి పెంచుతారు, చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అలాంటి పిల్లల్ని నేను చాలాకాలం ‘మొండిఘటాలు’ అనుకున్నాను.

తిరుత్తణి వైపు మా బడిలో ఒక పాప వారంలో మూడు రోజులు ఇలాగే ఉండేది. ఎందుకమ్మా అని అడిగితే ఒకటే జవాబు: “తమ్ముడు పడుకోలేదు టీచర్.” తమ్ముడికి రెండేళ్లు. ఇల్లు ఒకే గది. వాడు పడుకోనిదే దీపం ఆరదు, దీపం ఆరనిదే ఈమెకు నిద్ర లేదు. ఆ తల్లి బడికి వచ్చినప్పుడు ఆమె కళ్లు కూడా అలాగే ఉన్నాయి.

తిరువళ్లూరు పేరు వెనుక ఉన్న కథ ఈ పేజీ పాఠకుల్లో చాలామందికి తెలుసు. శాలిహోత్ర మహర్షి ఉపవాసం విరమించే వేళ పెరుమాళ్లు ముసలి బ్రాహ్మణుడి రూపంలో వచ్చి, పెట్టింది తిని, పడుకోవడానికి చోటెక్కడ అని అడిగాడట. ఆ ప్రశ్నలోని తమిళ మాటే ‘తిరు ఎవ్వుళ్’ అయిందని స్థలపురాణం. వీరరాఘవస్వామి నేటికీ అక్కడ శయనించే ఉన్నాడు. స్వామి అడిగింది ఎక్కడ అని. మన ఇళ్లలో ఇప్పుడు అడగవలసింది ఎప్పుడు అని.

మన ప్రాంతంలో ఇళ్లు ఆలస్యంగా పడుకోవడానికి బద్ధకం కారణం కాదు, బతుకుతెరువు. పొదటూరుపేట, పళ్లిపట్టు, ఆర్‌.కె.పేట వైపు వెళ్తే మరమగ్గాల చప్పుడు చీకటి పడ్డాక కూడా వినిపిస్తుంది. ఆ చప్పుడులో పుట్టిన పిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోతారు, కరెంటు పోయి మగ్గం ఆగితే లేచి కూర్చుంటారు. ఇది నేను కళ్లారా చూశాను. శ్రీపెరుంబుదూరు, ఒరగడం కంపెనీలకు షిఫ్టులకు వెళ్లేవారు ఇంకోవైపు. తిరువళ్లూరులోనైతే మద్రాసు లోకల్ రైలు పట్టుకునేవారికి నాలుగున్నరకే తెల్లవారుతుంది. ఇక వేసవి సంగతి సరేసరి. తమిళనాడులో ఎండ ఎక్కువగా నమోదయ్యే ఊళ్లలో తిరుత్తణి పేరు తరచూ వినిపిస్తుంది. మిద్దె వేడి దిగేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది.

ఆ పాప వాళ్ల నాన్నది రెండో షిఫ్టు. కంపెనీ బస్సు దిగి ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. కొడుకు మెలకువగా ఉంటే ఒక ముద్దు పెట్టుకోవచ్చని ఆయన ఆశ. నాన్న వచ్చేదాకా వాణ్ణి ఎలాగో ఆడిస్తూ ఉండటం తల్లికి అలవాటు. ఆ ‘ఎలాగో’ అన్నది ఎక్కువగా ఫోను. బాగా అలసిపోతే వాడే పడిపోతాడులే అని అవ్వ మాట. ఇది మన ఇళ్లన్నిటిలోనూ ఉన్న నమ్మకమే, కానీ నిజం అందుకు తిరగబడి ఉంటుంది. నిద్రవేళ దాటిపోయిన పసివాడు ఇంకా చురుకెక్కుతాడు, గంతులేస్తాడు, ఏడుస్తాడు, మధ్యరాత్రి ఉలిక్కిపడి లేస్తాడు. కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం కనబడగానే పడుకోబెట్టాలి. ఆ పావుగంట దాటితే మళ్లీ గంట ఆగాలి.

ఎంత నిద్ర కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లలకు లెక్క చెప్పింది. ఒకటి రెండేళ్ల వయసులో పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్లకు 10 నుంచి 13 గంటలు. ఏడాది బిడ్డకు తెర అసలు వద్దంది. రెండేళ్లకు రోజు మొత్తంలో గంట మించకూడదు, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిది. బడి ఈడు పిల్లలకు, అంటే 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలని నిద్ర వైద్యులు చెబుతారు. పెద్దలకు కనీసం 7. ఇప్పుడు మన పాప లెక్క చూడండి. ఆరున్నరకు లేవాలి. పదకొండున్నరకు పడుకుంటే దక్కేది ఏడు గంటలు. రోజుకు రెండు గంటల బాకీ, శుక్రవారానికి పది గంటలు. ఆ బాకీ తీర్చుకునేది నా తెలుగు వాచకం మీదే.

పసిపిల్లల నిద్ర ఒకేలా ఉండదు, మారుతూ పోతుంది. ఇది తెలియకనే చాలా ఇళ్లలో తికమక. ఏడాది వయసులో పగలు రెండు కునుకులు తీసే బిడ్డ ఏడాదిన్నర వచ్చేసరికి ఒక్క కునుకుకు దిగుతాడు. మూడు, ఐదేళ్ల మధ్య అదీ మానేస్తాడు. మారే రోజుల్లో వాడికీ అయోమయమే. ఇక్కడ మనం చేసే పొరపాటు ఏమిటంటే, పని తెమలడం కోసం సాయంత్రం నాలుగున్నరకు నిద్రపుచ్చుతాం. ఆరింటికి లేచినవాడు తొమ్మిదికి ఎందుకు పడుకుంటాడు? మధ్యాహ్నం భోజనం కాగానే పడుకోబెట్టి మూడింటిలోగా లేపితే రాత్రి సగం గెలిచినట్టే. రెండేళ్లు వచ్చాక రాత్రి పడక అంటేనే పేచీ మొదలవుతుంది. తనను వదిలి అందరూ ఏదో మంచి ఆట ఆడుకుంటున్నారని వాడి అనుమానం. టీవీ మోగుతూ ఉంటే ఆ అనుమానం నిజమే కదా.

ఆ ఇంటివారితో నేను, అవ్వ, తల్లి, నాన్న ఒక ఆదివారం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆయనకు చెప్పడమే కష్టమైంది. కొడుకును రాత్రి చూడకపోతే ఇంకెప్పుడు చూడాలి టీచరమ్మా అన్నాడు. న్యాయమైన మాటే. చివరకు పొద్దుటి పూట ఆయనకు ఇచ్చాం. స్నానం చేయించడం, ఇడ్లీ తినిపించడం, అక్కను బడికి దింపేటప్పుడు వీణ్ణి బండి ముందు కూర్చోబెట్టుకోవడం ఆయన పని. రాత్రి ఎనిమిదింటికి అవ్వ పని మొదలవుతుంది. ట్యూబ్‌లైటు ఆర్పి జీరో బల్బు. కాళ్లకూ చేతులకూ నూనె రాసి, గోరువెచ్చని నీళ్లు పోసి, మెత్తటి చొక్కా తొడగడం. పాలు, పళ్లు తోమడం, నీళ్ల గది. తర్వాత చాప, జోల, కథ. ప్రతిరోజూ ఇదే వరుస. వరుస తప్పకపోవడంలోనే ఉంది సంగతి. గడియారం చూడటం రాని బిడ్డకు ఈ వరుసే గడియారం. నూనె గిన్నె కనబడగానే తర్వాత ఏమొస్తుందో వాడికి తెలుస్తుంది.

ఇందులో కొత్తేమీ లేదని అవ్వ పెదవి విరిచింది. నిజమే, ఆమె తన పిల్లలకు చేసిందే ఇది. అమెరికాలో 2009లో 405 మంది తల్లుల మీద చేసిన అధ్యయనం కూడా ఈ మాటే చెప్పింది. రెండు వారాలపాటు రాత్రిపూట స్నానం, ఒళ్లు రుద్దడం, జోలపాట వంటి నెమ్మది పనులు వరుసగా చేసిన ఇళ్లలో పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి లేవడం తగ్గింది, తల్లుల మనసు కూడా కుదుటపడింది. ఆ అధ్యయనంలో పిల్లల నూనెలు, సబ్బులు అమ్మే కంపెనీ చేయి ఉంది కాబట్టి సీసాలు కొననక్కర్లేదు, ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చాలు. స్నానం ఎందుకు పని చేస్తుందంటే, గోరువెచ్చని నీటికి చర్మం వైపు రక్తం వస్తుంది, తుడిచాక ఒంటి వేడి దిగుతుంది. ఒళ్లు చల్లబడటమే నిద్రకు పిలుపు. వెలుతురు తగ్గితే మెదడు నుంచి మెలటోనిన్ ఊరుతుంది. ముఖానికి దగ్గరగా పెట్టుకున్న ఫోను దాన్ని ఆపుతుంది.

మనకు దగ్గరలోనే ఇంతకన్నా పాత ఉదాహరణ ఉంది. తిరుమలలో రోజూ చివరిది ఏకాంత సేవ. స్వామికి పాన్పు వేసి, తాళ్లపాక వారి లాలి పాడి, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. ఎంత రద్దీ ఉన్నా ఆ వరుస మారదు.

ఆ ఇంట్లో మొదటి నాలుగు రోజులు ఘోరంగా గడిచాయి. వాడు ఏడ్చి ఏడ్చి పక్కింటివారిని కూడా లేపాడు. రెండో వారానికి తొమ్మిదిన్నరకు దిగాడు. తర్వాత ఆడి కృత్తిక వచ్చింది. కావళ్లు, మైకులు, చుట్టాలు. కష్టపడి కట్టింది మూడు రాత్రుల్లో పోయింది. మళ్లీ నూనె గిన్నె నుంచే మొదలుపెట్టారు. రెండోసారి నాలుగు రోజులే పట్టింది.

ఇక పెద్దల సంగతి. మనిషి ఒంట్లో గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. ఆ గడియారం వయసుతో జరుగుతుంది. పదోతరగతి పిల్లలకు వెనక్కి, అవ్వలకు ముందుకు. ఎనిమిదిన్నరకే కళ్లు మూతపడే అవ్వ, పసివాణ్ణి పడుకోబెట్టడానికి ఇంట్లో అందరికన్నా తగిన మనిషి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు పగలు కిటికీకి దట్టమైన దుప్పటి కట్టుకుని పడుకోవాలి, ఇంట్లోవారు ఫోను వేరే గదిలో పెట్టాలి. అందరికన్నా తక్కువ నిద్రపోయేది తల్లి. కుళాయి నీళ్లకు లేచి, అన్నం డబ్బాలు కట్టి, రాత్రి గిన్నెలు తోమేది ఆమే. పిల్లవాడు తొమ్మిదికి పడుకుంటే ఆమెకు మిగిలేది గంటన్నర. ఆ గంటన్నరలో టీవీ చూస్తే చూడనివ్వండి. పిల్లలు గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయితే మాత్రం ఇంటి చిట్కాలు కట్టిపెట్టి డాక్టరుకు చూపించాలి.

నాకు ఈ విషయం ముఖ్యమనిపించడానికి ఇంకో కారణం ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఇళ్లలో తెలుగు ఉంది, కానీ రోజులో దానికి చోటు తగ్గిపోతోంది. వీధిలో తమిళం. బడిలో మూడు భాషల పుస్తకాలు. ఫోనులో కార్టూను ఏ భాషలో వస్తే ఆ భాష. పిల్లవాడి చెవిలో తెలుగు తీరిగ్గా పడే సమయం ఇక పడుకునే ముందు అరగంటే. జోలలో, కథలో వచ్చే మాటలు కూర తరిగేటప్పుడు రావు. ఆ అరగంట ఫోను తీసుకుంటే నిద్రా పోతుంది, మాటా పోతుంది. ఒక్క మనవి, బూచోణ్ణి పిలవకండి. మనవాళ్లు తమిళంలో పూచ్చాండిని కూడా కలిపి ఇద్దరితోనూ బెదిరిస్తారు. భయపడిన బిడ్డ కళ్లు మూసుకుంటాడు గానీ నిద్రపోడు.

తప్పు ఇళ్లదే అంటే అన్యాయం. ఒకటో తరగతి పాపకు తెలుగు ఒక పేజీ నేను, తమిళం ఒక పేజీ ఇంకొకరు, ఇంగ్లీషు ఒక పేజీ మరొకరు. ఎవరికి వారు ఒక్క పేజీయే ఇచ్చామనుకున్నాం. ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు వద్దని మద్రాసు హైకోర్టు 2018లోనే చెప్పింది. ఆ మాట నేను కొంత ఆలస్యంగా పాటించాను. ఇప్పుడు రాత పని ఇవ్వడం మానేశాను. రాత్రి కథలో విన్న కొత్త మాట ఒకటి మోసుకు రమ్మంటున్నాను.

మొన్న ఆ పాప ‘గాదె’ అన్న మాట తెచ్చింది. కథలో ఎలుక గాదెలో దూరిందట. గాదె అంటే ఏమిటని అడిగితే తరగతిలో ఎవరూ చూసినవారు లేరు. ఒక పిల్లవాడు మాత్రం పళ్లిపట్టు దగ్గర వాళ్ల తాత ఇంట్లో ఉందని, ఇప్పుడు దాన్లో వడ్లు లేవని, పాత దుప్పట్లు పెట్టుకున్నారని చెప్పాడు.