సింగపూరు ఇల్లాళ్ళ గోడు

సింగపూరు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే కబుర్లు మీరూ వినే ఉంటారు. వీధులు అద్దంలా ఉంటాయట, కుళాయి నీళ్ళు కాచి వడకట్టక్కర్లేకుండా తాగొచ్చట, రాత్రి పొద్దుపోయాక ఆడపిల్ల ఒక్కతే రైల్లో ఇంటికొచ్చినా భయం లేదట! మన నాయకులు సరేసరి, ఏ ఊరిని బాగుచెయ్యాలన్నా సింగపూరులా చేస్తామంటారు. అమరావతికి 2015లో ప్లాను గీసిచ్చింది కూడా సింగపూరు సంస్థలే. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే అంత బాగున్న దేశంలో ఉన్నవాళ్ళు కూడా తమ ప్రభుత్వం మీద విసుక్కుంటారనీ, ఆ విసుగు చాలాసార్లు పురిటిగదిలోంచీ వంటింట్లోంచీ బయల్దేరిందనీ ఎవరూ చెప్పరు. ఇవాళ ఆ సంగతులు చెప్పుకుందాం.

ముందు ఆ దేశం ఎంతదో చూడండి. హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధి చాలాకాలం 650 చదరపు కిలోమీటర్లు ఉండేది. సింగపూరు దేశం మొత్తం ఇంచుమించు అంతే. 1965 ఆగస్టు 9న మలేషియా నుంచి విడిపోయేనాటికి 580 చదరపు కిలోమీటర్లు. సముద్రం పూడ్చుకుంటూ పూడ్చుకుంటూ ఇప్పటికి 730 దాటించారు. జనం మాత్రం అప్పుడు 19 లక్షలు, 2024లో 60 లక్షల పైచిలుకు. పీపుల్స్ యాక్షన్ పార్టీ అనే ఒకే పార్టీ 1959 నుంచీ ఏలుతోంది. ఆ పార్టీ తరపున లీ క్వాన్ యూ 1990 దాకా ప్రధానమంత్రిగా ఉన్నారు. 1960లో గృహనిర్మాణ బోర్డు పెట్టి మురికివాడల్లో ఉన్నవాళ్ళకి ఫ్లాట్లు కట్టించారు. ఇవాళ అక్కడి స్థిరనివాసులు పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఆ ఫ్లాట్లలోనే ఉంటున్నారు. 1961లోనే చట్టం తెచ్చి, ముస్లిములకు తప్ప మిగతావాళ్ళకి రెండో పెళ్ళి కుదరకుండా చేశారు. ఇంత చేసిన ప్రభుత్వం మీద ఏం కోపమమ్మా అంటే, పాతకాలం ఉమ్మడి కుటుంబాల్లో పెద్దాయన ఉండేవాడు చూడండి, అందరికీ తిండీ బట్టా అమర్చేవాడు, చింతపండు కూడా తనే కొలిచి ఇచ్చేవాడు, కోడలు పుట్టింటికి ఎప్పుడు వెళ్ళాలో కూడా తనే చెప్పేవాడు. అదీ ఇబ్బంది.

పిల్లల సంగతే తీసుకోండి. ఇంత చిన్న దేశంలో జనం పెరిగిపోతే ఉద్యోగాలెక్కడ, ఇళ్ళెక్కడ అని 1966లో కుటుంబ నియంత్రణ బోర్డు పెట్టారు. 1972లో 'ఇద్దరితో ఆపండి' అని పెద్దఎత్తున ప్రచారం మొదలుపెట్టారు. మనకీ ఎర్ర త్రికోణం, ఇద్దరు చాలన్న బోర్డులూ కొత్త కాదు. కాని అక్కడ బోర్డుతో సరిపెట్టలేదు. కాన్పు కాన్పుకీ ప్రభుత్వాసుపత్రిలో ఫీజు పెరిగేది. మూడో కాన్పుకి ఉద్యోగస్తురాలికి జీతంతో సెలవు లేదు. ఎక్కువమంది పిల్లలుంటే ఫ్లాటు ముందుగా దొరికే సదుపాయం తీసేశారు. నాలుగోవాడికి మంచి బడిలో చోటు దొరకడం కష్టం. తల్లో తండ్రో ఆపరేషను చేయించుకుంటే మాత్రం పిల్లలకి బడిలో ముందు చోటు. పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో చేర్పించడానికి పడే పాట్లు మీకు చెప్పాలా? తల్లి మనసులో ఏ నరం పట్టుకుంటే మాట వింటుందో వాళ్ళకి బాగా తెలుసు.

ప్రచారం ఫలించింది. అనుకున్నదానికన్నా ఎక్కువే ఫలించింది. 1970ల చివరికి తల్లికి సగటున ఇద్దరు పిల్లలు కూడా లేరు. అప్పుడు పెద్దాయనకి ఇంకో బెంగ పట్టుకుంది. చదువుకున్న ఆడపిల్లలు పెళ్ళిళ్ళు మానేస్తున్నారు, చేసుకున్నా ఒకరిద్దరితో ఆపుతున్నారు. చదువులేనివాళ్ళేమో ఎక్కువమందిని కంటున్నారు. ఇలాగైతే దేశంలో తెలివితేటలు తరిగిపోతాయని 1983 ఆగస్టులో, జాతీయ దినోత్సవ ప్రసంగంలో లీ గారు బహిరంగంగానే అన్నారు. తల్లి డిగ్రీని బట్టి బిడ్డకు బుద్ధి వస్తుందన్నది ఆయన లెక్క. ఆ లెక్కన మన అమ్మమ్మలకి పుట్టిన డాక్టర్లనీ ఇంజనీర్లనీ ఏ పద్దులో వేస్తారో!

మాటతో ఊరుకోలేదు. 1984లో పథకం వచ్చింది. డిగ్రీ చదివిన తల్లికి మూడో బిడ్డ పుడితే, ఆ పిల్లలకి బడిలో అగ్రస్థానం. మరి చదువుకోని పేద తల్లికో? ముప్ఫై ఏళ్ళలోపు, ఒకరో ఇద్దరో పిల్లలు కాగానే ఆపరేషను చేయించుకుంటే ఫ్లాటు కొనుక్కునేందుకు 10,000 డాలర్లు. ఆ ఏడే చదువుకున్న ఆడపిల్లలకి, అబ్బాయిలకి పరిచయాలు కలపడానికి ఒక ప్రభుత్వ విభాగం కూడా పెట్టారు. పెళ్ళిళ్ళ పేరయ్యకి సర్కారు జీతం అన్నమాట!

అక్కడి ఆడవాళ్ళు ఊరుకుంటారా? పత్రికలకి ఉత్తరాలు వెల్లువెత్తాయి. చిత్రమేమిటంటే, చదువులేని తల్లులు ఒక్కళ్ళే కాదు, ఆ పథకంవల్ల లాభపడే డిగ్రీ తల్లులు కూడా మండిపడ్డారు. నా బిడ్డ పక్కింటావిడ బిడ్డకన్నా ఎక్కువని నేనెప్పుడైనా అడిగానా, మమ్మల్ని మేలుజాతి ఆవుల్లా లెక్కకడతారా అన్నది వాళ్ళ బాధ. ఆ ఏడాది డిసెంబరులో ఎన్నికలొచ్చాయి. అంతకుముందు 1980లో 77 శాతం దాటి వచ్చిన ఓట్లు 65 దగ్గరికి పడిపోయాయి. ప్రతిపక్షానికి వచ్చినవి రెండే సీట్లు, కాని పదమూడు శాతం తగ్గడమంటే ఆ దేశంలో పిడుగు పడ్డట్టే. కారణాలు ఇదొక్కటే కాదు. కష్టపడి దాచుకున్న ప్రావిడెంట్ ఫండు చేతికిచ్చే వయసు పెంచుతారన్న మాట కూడా అప్పుడే బయటికొచ్చింది. ఏమైతేనేం, 1985లో బడి సీట్ల పథకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవలోంచే ఆడవాళ్ళు 'అవేర్' అనే సంఘం పెట్టుకున్నారు, అది ఇప్పటికీ పనిచేస్తోంది.

రెండేళ్ళు తిరిగాయో లేదో, 1987లో కొత్త నినాదం: 'స్తోమతుంటే ముగ్గురు, ఆపైన కనండి.' పదిహేనేళ్ళ క్రితం ఇద్దరితో ఆపమన్న ప్రభుత్వమే! పెద్దపిల్లకి మంచి బడి దొరుకుతుందని 1975లో ఆపరేషను చేయించుకున్న తల్లి ఈ మాట విని ఏమనుకుని ఉంటుందో మీరే ఊహించండి. పోస్టరు మార్చినంత సులువుగా ఆపరేషను మారదు. ఆమాటకొస్తే మనమూ ఆ దారిలోనే ఉన్నాం. ఇద్దరికన్నా ఎక్కువ సంతానం ఉన్నవాళ్ళు పంచాయతీకి పోటీ చెయ్యకూడదని 1994లో చట్టం పెట్టుకున్నాం. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని రద్దుచేసింది, ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెబుతున్నారు.

ఇక ఇల్లు. ఇల్లూ పెళ్ళీ అక్కడ ఒకే ముడి. బోర్డు ఫ్లాటు మామూలుగా కుటుంబానికే ఇస్తారు. పెళ్ళికాని మనిషి ఒంటరిగా కొనుక్కోవాలంటే 35 ఏళ్ళు నిండాలి. అందుకని అక్కడి కుర్రాడు ప్రేమించిన పిల్లతో 'పెళ్ళి చేసుకుంటావా' అనడట, 'ఫ్లాటుకి దరఖాస్తు పెడదామా' అంటాడట. ఇది వాళ్ళు వాళ్ళమీద వేసుకునే జోకే. 1989 నుంచి ఇంకో నిబంధన ఉంది. ప్రతి భవనంలో చైనీయులు, మలయులు, భారతీయులు ఇంత శాతం మించకూడదు. ఒకే జాతివాళ్ళు ఒకచోట గూడుకట్టకుండా కలిసిమెలిసి ఉండాలన్న ఉద్దేశం మంచిదే, నేను కాదనను. అయితే భవనంలో చైనీయుల వంతు నిండిపోయాక భారతీయుడు తన ఫ్లాటు చైనీయుడికి అమ్మలేడు. కొనేవాళ్ళు తగ్గితే ధర తగ్గించుకోవాలి. మంచి ఉద్దేశానికయ్యే ఖర్చు తక్కువమంది ఉన్న జాతుల నెత్తిన పడుతోందని అక్కడి మనవాళ్ళు గొణుక్కోవడం అందుకే.

కారు మాట ఎత్తకండి. కారు కొనేముందు పదేళ్ళు దాన్ని ఉంచుకునే హక్కుపత్రం వేలంలో పాడుకోవాలి. 1990 నుంచీ ఈ పద్ధతి. 2023 అక్టోబరులో పెద్దకార్లకి ఆ కాగితం ఒక్కటే లక్షన్నర డాలర్లు పలికింది. మన డబ్బులో 90 లక్షల పైమాట, కారు ఖరీదు వేరే. రోడ్లు కిక్కిరిసిపోకుండా ఉన్నాయంటే అందుకే. చంటిపిల్లనీ ముసలి అత్తగారినీ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళే ఇల్లాలికి మాత్రం రైలూ బస్సే గతి.

ఆ రైళ్ళే 2011 డిసెంబరులో రెండుసార్లు ఆగిపోయి జనం సొరంగాల్లో చిక్కుకున్నారు. అప్పటికే ఊరు ఇరుకైపోయిందన్న కోపం ముదిరి ఉంది. పిల్లలు పుట్టడంలేదు, పనిచేసేవాళ్ళు చాలడంలేదు అని ప్రభుత్వం పదేళ్ళుగా విదేశీయుల్ని విరివిగా రానిచ్చింది. ఆస్పత్రుల్లో పడకలు, బడుల్లో సీట్లు, ఫ్లాట్లు మాత్రం అంత వేగంగా పెరగలేదు. ఆ ఏడు మేలో జరిగిన ఎన్నికల్లో పాలకపార్టీ ఓట్లు 60 శాతానికి దిగాయి, విదేశాంగమంత్రి ఓడిపోయారు. ప్రచారసభలో ప్రధాని లీ సియన్ లూంగ్ (ఈయన మొదటి లీ గారి అబ్బాయి) పొరపాట్లకి క్షమించమని అడగాల్సొచ్చింది.

ఆ ఏడాదే జరిగిన కూర గొడవ మీకు చెప్పకపోతే నాకు తోచదు. చైనా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం ఒకటి, పక్కింటి భారతీయుల వంట వాసన పడటం లేదని ఫిర్యాదు చేసిందిట. మధ్యవర్తులు కూర్చుని, వాళ్ళు ఇంట్లో లేనప్పుడే కూర వండుకునేట్టు రాజీ చేశారు. ఇది కొన్నేళ్ళ క్రితం సంగతే, కాని 2011 ఆగస్టులో పత్రికలో వచ్చేసరికి దేశమంతా భగ్గుమంది. 'ఆదివారంనాడు అందరం కూర వండుదాం' అని పిలుపిచ్చారు. వేలకువేలమంది, చైనీయులు, మలయులు, భారతీయులు అందరూ సై అన్నారు. ఆగస్టు 21న ఇళ్ళల్లో పొయ్యిమీద మసాలా కూర ఘుమఘుమలాడింది. ఊరేగింపు తియ్యాలంటే పోలీసు అనుమతి కావాలి కాని తాలింపు పెట్టడానికి ఎవరి అనుమతి కావాలి?

అనుమతి మాటొచ్చింది కనుక చెబుతాను. బందులు, రాస్తారోకోలు అక్కడ ఎరగరు. పోలీసుల్ని అడగకుండా దేశపౌరులు సభ పెట్టుకోగలిగింది హాంగ్ లిమ్ పార్కు అనే ఒక్క తోటలోనే. 2000లో ప్రసంగాలకి, 2008లో ప్రదర్శనలకి ఆ వీలు కల్పించారు. 2013 జనవరిలో ప్రభుత్వం ఒక శ్వేతపత్రం తెచ్చింది, 2030 నాటికి జనాభా 69 లక్షలదాకా పోవచ్చునని. అది లక్ష్యం కాదు, ఏర్పాట్లకోసం వేసుకున్న లెక్క అని ఎంత చెప్పినా ఎవరు వింటారు? ఫిబ్రవరిలో వేలమంది ఆ తోటలో వానకి తడుస్తూ నిలబడ్డారు. ఆ తరవాత విదేశీ పనివాళ్ళ రాకని బిగించారు, ఫ్లాట్లు జోరుగా కట్టారు, వృద్ధులకి వైద్యసాయం పెంచారు. 2015 ఎన్నికల్లో ఓట్లు మళ్ళీ 70 శాతం దరిదాపులకి వచ్చాయి.

విదేశీయులు ఎక్కువైపోయారు అని వాళ్ళనేటప్పుడు ఆ విదేశీయుల్లో మన పిల్లలూ ఉన్నారు సుమండీ! అక్కడి తెలుగు సమాజం 1975లో పుట్టింది. కంప్యూటర్ ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళూ, కట్టడాల్లో కూలికి వెళ్ళినవాళ్ళూ ఎందరో. ఇంకా గొంతులేనివాళ్ళు ఇంటిపని చేసేవాళ్ళు. ఇండొనీషియా, ఫిలిప్పీన్స్, మయన్మార్ల నుంచి వచ్చిన ఆడవాళ్ళు రెండున్నర లక్షలకి పైనే ఉన్నారు. సింగపూరు ఇల్లాలు ఉద్యోగానికి వెళ్ళగలుగుతోందంటే ఇంట్లో వీళ్ళుండబట్టే. వారానికో రోజు సెలవు వీళ్ళకి చట్టంగా వచ్చింది 2013లో. అక్కడివాళ్ళని ప్రభుత్వానుమతితో పెళ్ళాడితే తప్ప ఆ దేశంలో గర్భవతి కావడానికి, బిడ్డని కనడానికి వీళ్ళకి వీల్లేదు. పిల్లలు కావాలని అంత తహతహలాడే దేశంలో!

ఇప్పటి గోడు ధరలది. అమ్మకం పన్ను 2022 దాకా 7 శాతం, 2023లో 8, 2024లో 9. బియ్యం, కూరగాయలు కూడా దాన్ని తప్పించుకోలేవు. దానికి మందుగా ప్రతి ఇంటికీ కూపన్లు ఇస్తున్నారు. 2025 జనవరిలో 300 డాలర్లవి, మేలో 500వి. సగం ఫలహారశాలల్లో చిల్లర దుకాణాల్లో, సగం సూపర్ మార్కెట్లో చెల్లుతాయి. ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో ఇవ్వడమెందుకని ప్రతిపక్షం అడిగింది. ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుని లేనివాళ్ళకి ఎక్కువ ఇస్తున్నామని ప్రభుత్వం జవాబు. 2025 మే ఎన్నికల్లో కొత్త ప్రధాని లారెన్స్ వాంగ్ నాయకత్వాన పాలకపార్టీకి 65 శాతం పైన ఓట్లొచ్చాయి. ప్రతిపక్షం తన పది సీట్లూ నిలుపుకుంది.

ఇంతకీ ఆ మూడో బిడ్డ సంగతి. ఒకప్పుడు ఆస్పత్రి ఫీజు ఎక్కువ కట్టించుకున్న ఆ బిడ్డకే 2023 నుంచి 13,000 డాలర్ల నగదు కానుక ఇస్తున్నారు. మొదటి ఇద్దరికీ తలా 11,000. తల్లికి 16 వారాల సెలవు, తండ్రికి నాలుగు, ఇద్దరూ పంచుకునేందుకు ఇంకొన్ని వారాలు. అయినా 2023లోనూ 2024లోనూ సగటున తల్లికి ఒక బిడ్డ కూడా లేదు, 0.97. ఆఫీసునుంచి ఏడింటికి ఇల్లు చేరి, ట్యూషనుకి వెళ్ళిన ఒక్క పిల్లవాణ్ణి తీసుకొచ్చి, వాడి పన్నెండేళ్ళ వయసులో రాసే పరీక్షకి ఇప్పట్నించే చదివిస్తున్న తల్లి, ఆ పదమూడు వేలూ ఎన్నాళ్ళకి వస్తాయో లెక్క వేసుకుని, ఉన్నవాడు చాలంటోంది.