పాత కంప్యూటరులో పెండ్లి వీడియో ఏల తడబడును?

చిన్నారులారా, అమ్మానాన్నల పెండ్లి క్యాసెట్టును పాత కంప్యూటరులోనికి ఎక్కింపవలెనని వీసీఆరునకును దానికిని నడుమ అరచేతిలో ఇమిడెడి క్యాప్చర్ పరికరమును తగిలించినపుడు, పీటలమీది పెండ్లికూతురు తల యెత్తబోయి, నడుమ నిలిచిపోయి, మరుక్షణమే తల యెత్తి కనబడుట ఎంత విచిత్రము!

మన క్యాసెట్టులో సెకనుకు 25 బొమ్మలు కదలును. పరికరము ఒక్కొక్క బొమ్మను లక్షలాది చుక్కలుగా విడదీసి అంకెలుగా మార్చును. కుదింపక పంపినచో అవి సెకనుకు 16 కోట్లకు పైగా సున్నలును ఒకట్లును అగును. అవి కంప్యూటరులోనికి చొచ్చెడి తొలినాటి యూఎస్‌బీ ద్వారము 1.2 కోట్లకు మించి పోనీయదు. బిందెడు నీటిని సన్నమూతి సీసాలో ఒక్కసారిగా కుమ్మరించిన పొరలిపోవును గదా, అట్లే బొమ్మలు జారిపోవును. 2000లో వెలువడిన యూఎస్‌బీ 2.0 ద్వారము 48 కోట్ల వరకు పట్టును.

ద్వారము చాలినను, పరికరము పలుకును కంప్యూటరునకు తెలుపు దుబాసి, అనగా డ్రైవరు, ఆ పాత యంత్రమునకు తగినదై యుండవలెను. దానిని ఎక్కించి, తక్కిన ప్రోగ్రాములను మూసి చూడుడు: పెండ్లికూతురు మెల్లగా తల యెత్తును.