రన్నింగ్‌కీ ఆఫీసుకీ ఊరికీ... ఒకటే బ్యాగ్!

పొద్దున్నే పార్కులో పరుగు, అట్నుంచి అటే మెట్రో ఎక్కి ఆఫీసు, శుక్రవారం రాత్రి అదే బ్యాగ్‌తో ఊరికి బస్సు. హైదరాబాద్‌లో ఇలా తిరిగే కుర్రకారు చాలామందే. మరి ఈ మూడింటికీ ఒకే బ్యాగ్ సరిపోతుందా? సరిపోతుంది. కాకపోతే ‘30 లీటర్లు, 12 జేబులు’ అని చూడగానే ఆర్డర్ పెట్టేస్తే భుజాలకే శిక్ష.

ముందు తూకం

బ్యాగ్ వెతికేముందు మీరు రోజూ మోసేదంతా ఒకచోట పెట్టండి. ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ ఉంటే సామానుతో ఒకసారి, లేకుండా ఒకసారి ఎక్కండి. తేడాయే మీ మోత. ల్యాప్‌టాప్ కిలోన్నర, ఛార్జర్ 300 గ్రాములు, లీటరు నీళ్లు కిలో, లంచ్ బాక్స్ 800 గ్రాములు అనుకుందాం. బ్యాగ్ సొంత బరువు ఇంకో 800 గ్రాములు. మొత్తం 4.4 కిలోలు! ఇందులో రోజూ అవసరం లేనివేంటో అప్పుడు తెలుస్తుంది. ఆఫీసులో నీళ్లు దొరికితే సగం సీసా చాలు. ఛార్జర్ ఒకటి డెస్క్‌లోనే వదిలేయొచ్చు.

ఎన్ని లీటర్లు?

పరుగు కోసమే చేసిన వెస్ట్‌లు సాధారణంగా 5 నుంచి 12 లీటర్లు ఉంటాయి. ఒంటికి అతుక్కుని ఉంటాయి కానీ ల్యాప్‌టాప్ పట్టదు. 25 లీటర్లు దాటిన ఆఫీసు బ్యాగ్‌లో అన్నీ పడతాయి, పరిగెడితే మాత్రం వీపు మీద డోలు వాయిస్తుంది. మూడు పనులకీ కలిపి అయితే 15 నుంచి 20 లీటర్ల మధ్య చూడండి. ఒక జత బట్టలు, టవల్, బాక్స్, 14 అంగుళాల ల్యాప్‌టాప్ సర్దుకోవచ్చు. పెద్ద బ్యాగ్‌తో ఇంకో చిక్కు ఉంది. జాగా ఉంది కదా అని ఏదో ఒకటి నింపేస్తాం!

ఊగకూడదు

పరుగులో నిమిషానికి 160 అడుగులు వేస్తారనుకుంటే 20 నిమిషాలకి 3,200 అడుగులు. బ్యాగ్ వదులుగా ఉంటే అన్నిసార్లూ లేచి పడుతుంది. మెడ, భుజాలు పట్టేసేది, చర్మం ఒరుసుకుపోయేది అందుకే. కాబట్టి ఛాతీ దగ్గర ఒక బెల్టు, నడుముకి ఒక బెల్టు తప్పనిసరి. ఛాతీ బెల్టు పైకీ కిందకీ జరిగేలా ఉండాలి. అమ్మాయిలకి ఇది మరీ ముఖ్యం. పక్కల్లో బిగించుకునే పట్టీలు ఉంటే సామాను తక్కువున్న రోజు కూడా బ్యాగ్ ఊగదు. బరువైనవి వీపుకి ఆనుకుని, కాస్త పైభాగంలో ఉండేలా సర్దండి.

అన్ని బెల్టులున్నా ల్యాప్‌టాప్‌తో పరుగు మాత్రం వద్దు. దానికీ మంచిది కాదు, మీకూ కాదు. పరిగెత్తే రోజు దాన్ని ఆఫీసు లాకర్‌లో ఉంచేయండి. కుదరకపోతే ఆ రోజు నడకే.

షాపులో చిన్న పరీక్ష

మీ సామాను తీసుకెళ్లి బ్యాగ్‌లో పెట్టండి. బెల్టులు బిగించి పది గెంతులు వేయండి. ఎవరేమనుకున్నా పర్లేదు, డబ్బులు మీవి! వీపు మీద బ్యాగ్ పైకీ కిందకీ కొట్టుకున్నా, పట్టీ మెడకి ఒరుసుకున్నా పక్కన పెట్టేయండి. ఆన్‌లైన్‌లో కొంటే ట్యాగ్ తెంపకుండా ఇంట్లోనే ఈ పరీక్ష చేసి, నచ్చకపోతే వాపసు ఇచ్చేయండి.

బట్ట, జిప్పు, వాన

లేబుల్ మీద 210డి, 600డి అని ఉంటుంది. ‘డి’ అంటే డెనియర్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. అంకె పెరిగేకొద్దీ దారం లావు, బ్యాగ్ బరువు. ఒకే డెనియర్‌లో పాలిస్టర్ కన్నా నైలాన్ ఒరిపిడికి ఎక్కువ తట్టుకుంటుంది. ‘వాటర్ రెసిస్టెంట్’ అంటే చినుకులకి ఆగుతుందని మాత్రమే. జోరువానలో జిప్పుల్లోంచి, కుట్లలోంచి నీళ్లు దిగుతాయి. రెయిన్ కవర్ విడిగా కొనుక్కోండి. ల్యాప్‌టాప్‌కి లోపల ఒక ప్లాస్టిక్ కవర్ చుడితే ఇంకా నిశ్చింత.

ప్రయాణాల్లో

రెండు రోజుల ఊరికి 20 లీటర్లు చాలు. బస్సులో కాళ్ల దగ్గర పడుతుంది, మెట్రో రద్దీలో ముందుకి తగిలించుకోవచ్చు. విమానంలో పవర్ బ్యాంక్‌ని చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. దానికీ ఈ చిన్న బ్యాగే దిక్కు.

చెమట పట్టిన బ్యాగ్‌ని వాషింగ్ మెషిన్‌లో వేయకండి. పట్టీలు, లోపలి పూత పాడవుతాయి. వారానికోసారి చల్లటి నీళ్లు, కొంచెం సబ్బుతో చేత్తో ఉతికి నీడలో ఆరేయండి.

బడ్జెట్ తక్కువైతే జేబుల దగ్గర రాజీ పడండి, రంగు దగ్గరా పడండి. ఆ రెండు బెల్టుల దగ్గర మాత్రం పడొద్దు. బరువు మోసేది బ్యాగ్ కాదు, మీ వీపు!