మన గాలికి తగ్గ చిన్న విమానం

రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానాన్ని చాలామంది బొమ్మల కోవలో వేసేస్తారు. కానీ పెద్ద విమానాన్ని గాల్లో నిలబెట్టే సూత్రాలన్నీ ఈ చిన్నదానికీ వర్తిస్తాయి. లెక్క తప్పితే ఇదీ కూలుతుంది. అందుకే దాన్ని కొనుక్కుని ఎగరేయడం కంటే భాగాలు తెచ్చి కూర్చుకోవడంలో నేర్చుకునేది ఎక్కువ. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఈ పని మొదలుపెట్టాలనుకునే విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు, చేతిపని మీద మక్కువ ఉన్న ఎవరికైనా పనికొచ్చేలా ఆ సంగతులు చెప్పుకుందాం.

ఒక మాట ముందే చెప్పాలి. కిట్‌తో వచ్చే సూచనలు గడ్డి మైదానాన్నీ, నెమ్మదైన గాలినీ దృష్టిలో పెట్టుకుని రాసినవి. మనది సముద్రాన్ని ఆనుకున్న కృష్ణా డెల్టా. ఇక్కడి గాలి, నేల, ఎండ వేరు. విమానంలో మనం చేసుకునే మార్పులు వాటికోసం జరగాలి. చాలా మార్పుల ఖరీదు బరువు రూపంలో కట్టాల్సి వస్తుంది.

ఏయే భాగాలు ఉంటాయి

మొదటి విమానానికి రెక్క బాడీ పైన ఉండే ట్రైనర్ రకమే మంచిది. రెక్క కొసలు కొద్దిగా పైకి లేచి ఉంటే, విమానం ఒక పక్కకు ఒరిగినా తనంతట తాను సర్దుకునే గుణం వస్తుంది. తోకలో అడ్డంగా ఉండే ఎలివేటర్ ముక్కును పైకీ కిందికీ తిప్పుతుంది. నిలువుగా ఉండే రడ్డర్ కుడిఎడమలకు తిప్పుతుంది. రెక్క వెనక అంచున ఉండే ఐలరాన్లు విమానాన్ని పక్కకు ఒరిగిస్తాయి.

వీటిని కదిలించేవి సర్వోలు. చిన్న విమానాలకు ఒక్కొక్కటి 9 గ్రాముల సర్వోలు సరిపోతాయి. చేతిలోని రిమోట్ నుంచి వచ్చే సంకేతాన్ని రిసీవర్ అందుకుని సర్వోలకూ, మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీకీ పంపుతుంది. వీటన్నిటికీ కరెంటు లిథియం పాలిమర్ బ్యాటరీ ఇస్తుంది.

మన దేశంలో భాగాలు కూర్చుకోవడానికి మరో కారణం కూడా ఉంది. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం తయారైన డ్రోన్ల దిగుమతిని కొన్ని మినహాయింపులతో నిషేధించింది. విడిభాగాలను మాత్రం ఆపలేదు. ఆ తర్వాత ఇక్కడే కూర్చగలిగే చేతుల విలువ పెరిగింది.

బరువు లెక్క

రెక్క పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకుందాం. విస్తీర్ణం 2,400 చదరపు సెంటీమీటర్లు. బ్యాటరీతో సహా మొత్తం బరువు 720 గ్రాములైతే ఒక్కో చదరపు డెసిమీటరు రెక్క మీద 30 గ్రాముల భారం పడుతుంది. నేర్చుకునేవారికి ఇది అనువైన కొలత. ఈ విమానం గాల్లో నిలవాలంటే గంటకు సుమారు 23 కిలోమీటర్ల వేగం ఉండాలి. అంతకంటే తగ్గితే రెక్క మోయడం మానేస్తుంది, విమానం జారిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు.

ఇప్పుడు కాస్త గట్టి బాడీ, రంగులు, చక్రాలు, కెమెరా చేర్చాం, బరువు 900 గ్రాములకు వచ్చింది. స్టాల్ వేగం 26 కిలోమీటర్లకు పెరుగుతుంది. మూడు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఆ వేగంతో ఆ బరువు నేలను తాకినప్పుడు దెబ్బలోని శక్తి ఒకటిన్నర రెట్లు అవుతుంది. గట్టిదనం కోసం చేర్చిన బరువే విమానం విరగడానికి కారణమయ్యేది ఇలాగే.

కాబట్టి ముందు చూడాల్సింది దేనితో చేస్తున్నామన్నది. ఫ్లెక్సీ, స్టిక్కర్ షాపుల్లో దొరికే పీవీసీ సన్‌బోర్డు నున్నగా, గట్టిగా ఉంటుంది, కోయడం సులువు. కానీ మూడు మిల్లీమీటర్ల మందం ఉన్నది చదరపు మీటరుకు కిలోన్నర దాకా తూగుతుంది. పైన ఒక పొర, కింద ఒక పొరతో దానితో రెక్క కడితే, ఆ రెక్క ఒక్కటే మన విమానం మొత్తమంత బరువవుతుంది. థర్మోకోల్, డెప్రాన్, ఈపీపీ ఫోమ్, బాల్సా కలప తేలికైనవి. థర్మోకోల్ రెక్కలో సన్నటి కార్బన్ రాడ్ గానీ వెదురు బద్ద గానీ పొదిగితే వంగకుండా నిలుస్తుంది. త్వరగా అతుక్కునే మామూలు సూపర్ గ్లూ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. ఫోమ్ కోసం చేసినదే వాడాలి, లేదా తెల్ల ఫెవికాల్‌తో అతికి రాత్రంతా ఆరనివ్వాలి.

ముక్కుకూ తోకకూ తూకం

ఎంత చక్కగా కట్టినా, బరువు సరైన చోట కేంద్రీకృతం కాకపోతే విమానం ఎగరదు. మామూలు ట్రైనర్‌లో ఈ తూకపు బిందువు రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. 20 సెంటీమీటర్ల రెక్కకు ఇది ముందంచు నుంచి 5 నుంచి 6.5 సెంటీమీటర్లు. అక్కడ రెండు పక్కలా రెక్క కింద వేళ్లు పెట్టి ఎత్తితే విమానం మట్టసంగా నిలవాలి. ముక్కు బరువెక్కితే విమానం బద్ధకంగా ఎగురుతుంది, దిగేటప్పుడు వేగం ఎక్కువవుతుంది. తోక బరువెక్కితే మన అదుపులోనే ఉండదు. రెండిట్లో తోక బరువే ప్రమాదం.

కావడి మోసేవాడికి తెలుసు, భుజానికి దూరంగా వేలాడే చిన్న బరువును దగ్గరి పెద్ద బరువుతో సరిచేయాలని. విమానం విషయమూ అంతే. తోక విరిగితే జిగురు, టేపు చుట్టి బాగుచేశాం, 10 గ్రాములు పెరిగింది. ఆ చోటు తూకపు బిందువుకు 60 సెంటీమీటర్ల వెనక ఉంది. ముక్కు 15 సెంటీమీటర్ల ముందే ఉంది. దాన్ని సరిచేయడానికి ముక్కులో 40 గ్రాములు పెట్టాలి. పది గ్రాముల మరమ్మతు యాభై గ్రాముల బరువైంది. అందుకే సర్వో నుంచి తోక దాకా పోయే కడ్డీల కోసం సైకిల్ స్పోకులు వాడకండి. సన్నటి వెదురు పుల్లకు రెండు కొసలా సన్న తీగ కట్టి వాడితే సగం బరువు కూడా ఉండదు.

బరువు చేర్చకుండా తూకం సరిచేసే దారి ఒకటుంది, బ్యాటరీని జరపడం. మూడు సెల్లుల 2,200 ఎంఏహెచ్ బ్యాటరీ సుమారు 180 గ్రాములు, అంటే మన విమానంలో నాలుగో వంతు. దాన్ని నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిపితే మొత్తం తూకం ఒక సెంటీమీటరు ముందుకు వస్తుంది. కాబట్టి బ్యాటరీ అరను అటూఇటూ జరిగేంత పొడవుగా కట్టుకుని, వెల్క్రో పట్టీతో బిగించండి. ఒకే చోట ఇరికేలా కట్టకండి.

మోటారు, ప్రొపెల్లర్, బ్యాటరీ

మోటారు మీద 1000 కేవీ అని ఉంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు అని అర్థం. మూడు సెల్లుల బ్యాటరీ 11.1 వోల్టులు. భారం లేనప్పుడు 11,100 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ మీది 9x5లో మొదటి అంకె వ్యాసం, రెండోది ఒక చుట్టులో ముందుకు దూసుకెళ్లాల్సిన దూరం, రెండూ అంగుళాల్లో.

లాగుడు చాలలేదని చాలామంది తొమ్మిది అంగుళాలది తీసి పది అంగుళాలది బిగిస్తారు. ఒక్క అంగుళమే కదా అనుకుంటారు. ప్రొపెల్లర్ తినే శక్తి వ్యాసంతో చాలా వేగంగా పెరుగుతుంది. అదే వేగంతో తిప్పాలంటే సుమారు ఒకటిన్నర రెట్ల శక్తి కావాలి. కరెంటు పెరిగి మోటారు వేడెక్కుతుంది, ఈఎస్‌సీ కాలిపోవచ్చు. ప్రొపెల్లర్ మార్చిన ప్రతిసారీ వాట్ మీటర్ పెట్టి, ఫుల్ స్పీడులో ఎంత కరెంటు లాగుతోందో చూడాలి. 720 గ్రాముల విమానానికి 150 నుంచి 180 వాట్లు చాలు. ఈఎస్‌సీ ఆ కరెంటుకు రెట్టింపు తట్టుకునేది తీసుకుంటే నిశ్చింత.

లిథియం బ్యాటరీలో ఒక్కో సెల్లు 4.2 వోల్టులకు మించి ఎక్కకూడదు, 3.3కు తగ్గకూడదు. వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జి చేయకండి. ఛార్జి చేస్తూ వదిలిపెట్టి బయటికి వెళ్లకండి.

గాలి, నేల, ఎండ

బాపట్ల సముద్రానికి పది కిలోమీటర్లలోపే ఉంటుంది. రేపల్లె కూడా తీరానికి దగ్గరే. పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది. గాలి 20 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనుకోండి. 40 వేగంతో ఎగిరే విమానం ఎదురుగాలిలో నేలమీద 20తో కదిలినట్టు, గాలివాటులో 60తో దూసుకుపోయినట్టు కనిపిస్తుంది. అది చూసి భయపడి మోటారు తగ్గించేస్తారు. విమానం చుట్టూ ఉన్న గాలిలో దాని వేగం మాత్రం 40 నుంచి పడిపోతుంది, స్టాల్ అయి కూలుతుంది. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా కూల్చేది ఇక్కడే. గాలి లేని తెల్లవారుజామునే నేర్చుకోవాలి. ఎగరేసేదీ దించేదీ గాలికి ఎదురుగానే.

ఎగరేసే చోటు మరో సమస్య. తెనాలి, రేపల్లె వైపు సార్వా వరి తర్వాత పొలాల్లో మినుము, జొన్న, మొక్కజొన్న ఉంటాయి. చాలా చోట్ల పొలం ఖాళీగా దొరికేది వేసవిలోనే. అప్పటికి నల్లనేల నెర్రెలు విచ్చుతుంది. చక్రాలు ఆ నెర్రెల్లో దిగబడి కాళ్లు ఊడిపోతాయి. అక్కడికి చక్రాలు తీసేసి, అడుగున మందపాటి టేపు వేసి, చేత్తో విసిరి, పొట్టమీద దించేలా మార్చుకోవడమే మంచిది. బరువూ తగ్గుతుంది. బాపట్ల వైపు ఇసుక నేలల్లో సర్వో పళ్లలోకీ మోటారులోకీ ఇసుక దూరుతుంది, ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడతాయి. ఎగరేసిన ప్రతిసారీ బ్రష్‌తో దులిపి, బేరింగులో ఒక చుక్క నూనె వేయండి.

ఎండ సంగతి చాలామంది మరిచిపోతారు. మే నెల ఎండలో ముదురు రంగు ఫోమ్ బాగా వేడెక్కి, గ్లూ గన్‌తో వేసిన జిగురు మెత్తబడుతుంది. మోటారు దిమ్మెను గ్లూ గన్‌తో అతికితే గాల్లోనే ఊడొచ్చు. దాన్ని ప్లైవుడ్ ముక్కకు స్క్రూలతో బిగించి, ఆరల్డైట్ లాంటి ఎపాక్సీతో అతకాలి. పైభాగం లేత రంగులో, అడుగుభాగం ముదురు చారలతో ఉంటే వేడీ తగ్గుతుంది, దూరాన విమానం ఎటు ఒరిగిందో కూడా తెలుస్తుంది.

సూర్యలంక పొరుగున

బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది. 2023 డిసెంబర్‌లో అస్త్రశక్తి విన్యాసాల్లో ఒకే ఆకాశ్ క్షిపణుల ఫైరింగ్ యూనిట్ నాలుగు మానవరహిత లక్ష్యాలను ఒకేసారి కూల్చింది అక్కడే. గురిపెట్టడం నేర్పడానికి వాడే ఇలాంటి లక్ష్య విమానాల చరిత్రలో మోడల్ విమానాలకూ చోటుంది. హాలీవుడ్ నటుడు రెజినాల్డ్ డెన్నీ 1934లో మోడల్ విమానాల దుకాణం తెరిచాడు. ఆయన కంపెనీ రేడియోప్లేన్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి రేడియోతో నడిచే లక్ష్య విమానాలను వేలల్లో అందించింది.

ఆ పొరుగు వల్ల మన మీద బాధ్యత కూడా ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం చదువు, పరిశోధన, వినోదం కోసం కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే, 25 కిలోలకు మించని విమానాన్ని మోడల్ విమానంగా పరిగణిస్తారు. దానికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల లోపుదాన్ని వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. అయితే 250 గ్రాములు దాటినదానికి రిజిస్ట్రేషన్ నంబరు కావాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు. ఏ చోటు ఏ జోన్‌లో ఉందో చూపే డిజిటల్ స్కై పటం చూడకుండా, ముఖ్యంగా సూర్యలంక తీరంలో, విమానం బయటికి తీయకండి. స్థానిక పోలీసు స్టేషన్‌లో ముందే చెప్పడం, కరెంటు తీగలకూ జనానికీ దూరంగా ఉండటం కూడా అంతే అవసరం.

మొదటిసారి ఎగరేసే ముందు

ఇంట్లో సెట్టింగులు చేసేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయండి. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి తిప్పితే కుడి ఐలరాన్ పైకి లేవాలి. స్టిక్ వెనక్కి లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. సిగ్నల్ పోతే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టండి. పొలంలో రిమోట్‌ను రేంజి టెస్ట్ మోడ్‌లో పెట్టి ముప్ఫై మీటర్ల దూరం నడిచి సర్వోలు కదులుతున్నాయో లేదో చూడండి.

ఇక మార్పులు ఒక్కసారికి ఒక్కటే చేయండి. ప్రొపెల్లర్, రెక్క, బ్యాటరీ మూడూ ఒకే రోజు మారిస్తే, విమానం బాగా ఎగిరినా పడిపోయినా కారణం తెలియదు. నోటుపుస్తకంలో తేదీ, గాలి, బరువు, తూకపు బిందువు, చేసిన మార్పు రాసుకోండి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. అలాంటి అవకాశం ఉన్న కళాశాలల పిల్లలు దాన్ని వదులుకోకూడదు. పొలాల్లో మందు కొడుతున్న డ్రోన్లలోనూ ఇవే రకం మోటార్లు, ఈఎస్‌సీలు, బ్యాటరీలు ఉంటాయి. థర్మోకోల్ విమానం తూకం సరిచేయడం నేర్చిన అమ్మాయికో అబ్బాయికో ఆ యంత్రాన్ని విప్పి బాగుచేయగల ధైర్యం వస్తుంది. వేసవి సెలవుల్లో పిల్లలకు ఏం నేర్పించాలా అని ఆలోచించే ఇళ్లలో, కళాశాల వర్క్‌షాపుల్లో ఈ పనికి కాస్త చోటివ్వండి. దానికి ఖర్చు కంటే ఓపికే ఎక్కువ కావాలి, ఆ ఓపిక నేర్పేదీ ఈ పనే.